ఇది ఎలా పాడవుతుందో ముందే చెప్పే పళ్ళ డాక్టర్

మా ఇంట్లో నలుగురం ఉంటే నలుగురివీ నాలుగు రకాల నోళ్ళు. అత్తయ్యకి పైన పూర్తి కట్టుడు పళ్ళ సెట్టు, కింద ముందువైపు మాత్రం సొంత పళ్ళు, వెనక తీసి పెట్టుకునేవి. మా ఆయనకి నిద్రలో పళ్ళు కొరికే అలవాటు. నా దవడ పళ్ళలో పాత సిమెంటు, కొత్త సిమెంటు, ఒక క్యాప్. అమ్మాయికి కొన్ని పాలపళ్ళు, కొన్ని కొత్తవి. అందరం ఒకే డెంటల్ క్లినిక్‌కి వెళ్తున్నాం కాబట్టి ఏ వయసు వాళ్ళకి అక్కడ పని ఎలా ఉంటుందో రాయగలను. క్లినిక్ పేరు మాత్రం రాయను. పేరు రాస్తే ప్రకటనలా ఉంటుంది, పైగా నాకు నచ్చని సంగతులు కూడా రాయాలనుకుంటున్నాను.

అక్కడ అన్నిటికంటే నచ్చింది ఏమిటంటే, ఏ పని మొదలుపెట్టే ముందైనా డాక్టర్ గారు "ఇది పాడైతే ఎలా పాడవుతుందో ముందు చెప్తాను, వినండి" అంటారు. కొత్తలో విడ్డూరంగా అనిపించింది. డబ్బు తీసుకుని చేసే పని చెడిపోతుందని చేసేవాళ్ళే చెప్పడమేమిటి? తర్వాత అర్థమైంది, ఆ ఒక్క మాటలోనే మనం ఇంట్లో ఏం చూసుకోవాలో మొత్తం ఉంటుందని.

ఎనామెల్ మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం. అయితే అందులో జీవకణాలు ఉండవు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, గుంటపడిన పన్ను మాత్రం తనంతట తాను పూడుకోదు. మరీ మొదట్లో, పైన తెల్లటి మచ్చలా ఉన్నప్పుడైతే లాలాజలం, ఫ్లోరైడ్ కలిసి దాన్ని మళ్ళీ గట్టిపరచగలవు. గుంట పడ్డాక ఇక అక్కడ పెట్టేది ఏదైనా బయటి వస్తువే. మాసిక వేసిన బట్ట కుట్టు దగ్గరే మళ్ళీ చిరిగినట్టు, బాగుచేసిన పన్ను ఆ వస్తువుకీ పంటికీ మధ్య అంచు దగ్గరే మళ్ళీ పుచ్చుతుంది. ఫిల్లింగ్ అయినా క్యాప్ అయినా, లేని పన్నుకి బదులు పక్క పళ్ళ ఆసరాతో కట్టే బ్రిడ్జి అయినా ఇదే కథ. డాక్టర్ గారు చెప్పే "ఎలా పాడవుతుంది" అన్నదాంట్లో ముప్పాతిక వంతు ఈ అంచు గురించే.

నా సంగతి ముందు చెప్తాను. కింద కుడివైపు దవడ పన్నులో చాలా ఏళ్ళ కిందటి నల్లటి ఫిల్లింగ్ ఉంది. అందరూ వెండి సిమెంటు అంటారు గానీ, దాని బరువులో దాదాపు సగం పాదరసం, మిగతాది వెండి, తగరం, రాగి కలిసిన పొడి. పాదరసం అనగానే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. నాకూ దాన్ని తీయించేసి తెల్లది పెట్టించుకోవాలని ఉండేది. ఇంకో చోట అడిగితే వెంటనే తేదీ ఇచ్చేవాళ్ళేమో. ఇక్కడ ఎక్స్‌రే తీశారు, సన్నటి పరికరంతో అంచు చుట్టూ తడిమి చూశారు, "అంచు బాగుంది, కింద పుచ్చు లేదు, దీని జోలికి వెళ్ళొద్దు" అన్నారు. మంచిగా ఉన్నదాన్ని తవ్వితే పాదరసం ఆవిరి ఎక్కువగా వచ్చేది అప్పుడే, పైగా దానితోపాటు మంచి పన్ను కూడా కొంత పోతుందట. మరి కొత్తగా ఎందుకు పెట్టడం లేదంటే, పాదరసం వాడకం తగ్గించాలని 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది, యూరోపియన్ యూనియన్ అయితే 2025 జనవరి నుంచి ప్రత్యేకమైన వైద్య కారణం ఉంటే తప్ప వాడకూడదని ఆపేసింది. అందులో పెద్ద కారణం పర్యావరణం. నోట్లో ఉన్న పాతవన్నీ పీకించుకోమని దానర్థం కాదు.

ఎడమవైపు కథ వేరు. పైకి ఏమీ కనపడదు, చల్లటివి తాగితే మాత్రం జివ్వుమనేది. రెండు పళ్ళు ఒకదానికొకటి ఆనుకునే చోట పుచ్చు పడితే అద్దంలో కనపడదు, అలాంటివి పట్టుకోవడానికి పళ్ళ మధ్య కొరికి పట్టుకుని తీసే చిన్న ఎక్స్‌రే ఉంటుంది. దాన్ని పక్కనున్న స్క్రీన్ మీద పెట్టి చూపించారు. ఎనామెల్ తెల్లగా, దానికింద ఒక మసక నీడ. మన పన్నే మనకి ఇలా పెద్దది చేసి చూపిస్తే ఇక వాదించడానికి ఏమీ ఉండదు.

ఈ ఫిల్లింగ్ చేసిన తీరు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మంచి పనికీ మామూలు పనికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. మత్తు ఇంజెక్షన్‌కి ముందు చిగురు మీద జెల్ రాశారు. తర్వాత పంటి చుట్టూ ఒక రబ్బరు షీటు బిగించారు. పన్ను ఒక్కటే షీటులోంచి పైకి కనపడుతుంది, మిగతా నోరంతా దానికింద ఉంటుంది. దీన్ని 1864లోనే కనిపెట్టారంటే ఆశ్చర్యమేసింది. ఇంత పాత పద్ధతి అయినా ఇంతకుముందు నాకు ఎవరూ వాడలేదు, దూది ముక్కలు కుక్కి కానిచ్చేవాళ్ళు. తెల్ల ఫిల్లింగ్‌కి తడి పనికిరాదు. ముందు పంటిని ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్‌తో కాసేపు గరుకు చేస్తారు, కడిగి ఆరబెడతారు, బాండింగ్ ద్రవం పూస్తారు, అది ఆ గరుకులోకి దిగి పట్టుకుంటుంది. 1955లో బ్యూనోకోర్ అనే డాక్టర్ ఎనామెల్‌ని ఇలా ఆమ్లంతో గరుకు చేస్తే ప్లాస్టిక్ లాంటి పదార్థం అంటుకుంటుందని చూపించాకే ఈ పద్ధతికి దారి పడింది. మధ్యలో ఒక్క చుక్క లాలాజలం తగిలినా ఆ పట్టు చెడుతుంది. చెడినా ఆ రోజు ఏమీ తెలియదు. కొన్నాళ్ళకి అంచు చుట్టూ గోధుమరంగు గీత కనపడుతుంది, అప్పుడు మనం మన బ్రష్‌నో మన అదృష్టాన్నో తిట్టుకుంటాం.

ఆ తర్వాత మెటీరియల్‌ని ఒకేసారి నింపకుండా పొరలు పొరలుగా పెట్టి, ఒక్కో పొరకీ నీలం లైటు పట్టారు. గట్టిపడేటప్పుడు అది కొంచెం కుంచించుకుంటుంది కాబట్టి ఒకేసారి నింపితే అంచు దగ్గర పంటి నుంచి విడిపోవచ్చు, లైటు కూడా అడుగుదాకా అందదు. పక్క పంటికి ఆనేచోట సన్నటి రేకు పెట్టి ఆకారం తెచ్చారు. చివర్లో నీలం కాగితం పెట్టి కొరకమన్నారు, ఎత్తుగా ఉన్నచోట రంగు అంటుతుంది, అక్కడ కొంచెం కొంచెం చెక్కారు. "బాగుందా" అని అడిగి వదిలేయలేదు, మత్తు దిగాక ఇంట్లో కొరికినప్పుడు ఎత్తుగా అనిపిస్తే ఫోన్ చేసి రండి, అపాయింట్‌మెంట్ అక్కర్లేదు అన్నారు. మత్తులో ఉన్న మనిషి ఎలా కొరుకుతున్నాడో ఆ మనిషికే తెలియదు కదా!

ఇక పాడయ్యే సంగతి: "ఇది పైన పగలదు. పోతే రెండు పళ్ళ మధ్య కింది అంచులో పోతుంది. బ్రష్ అక్కడికి వెళ్ళదు, ఫ్లాస్ దారమే వెళ్తుంది." అంతే. ఫ్లాస్ మంచిదని అప్పటికి చాలాచోట్ల చదివాను, చేయలేదు. నా నోట్లో ఫలానా చోట ఫలానా అంచు కోసం అని చెప్పాక చేస్తున్నాను.

క్యాప్ విషయంలో మాత్రం ఇంత సాఫీగా జరగలేదు. పై దవడ పన్నుకి రూట్ కెనాల్, అంటే లోపలి నరం తీసి శుభ్రం చేసి మూసే పని అయింది. ముందు పళ్ళకి ఒక్కోసారి క్యాప్ లేకపోయినా నడుస్తుంది గానీ, నమిలే పళ్ళకి వేయించాల్సిందే అన్నారు. నరం తీసేశాక పన్ను ఎండిపోయి పెళుసవుతుందని అంటుంటారు. అసలు కారణం అంతకంటే తేలిక. పుచ్చు వల్ల సగం, దారి చేసుకోవడానికి ఇంకొంత పోయి, మిగిలిన గోడలు పలచగా ఉంటాయి, గట్టిగా నమిలితే నిలువునా చీలుతాయి. చీలిక వేరు దాకా వెళ్తే ఇక పీకడమే. మెటల్ మీద పింగాణీ వేసిన క్యాప్, మెటల్ లేకుండా పింగాణీ లాంటి గట్టి తెల్లటి పదార్థంతో చేసే జిర్కోనియా క్యాప్ రెండూ చూపించారు. మొదటిదాంట్లో చిగురు జారినప్పుడు అంచు దగ్గర నల్లగీత కనపడవచ్చు, పింగాణీ పెచ్చు ఊడవచ్చు. రెండోది గట్టిది, కానీ ఎదుటి పన్ను అరగకుండా దాని పైభాగం బాగా నునుపుగా పాలిష్ చేసి ఉండాలి. జిర్కోనియా అన్నాను.

వచ్చిన క్యాప్ రంగు కలవలేదు. పక్క పళ్ళు కొంచెం పసుపు, ఇది తెల్లటి తెలుపు. డాక్టర్ గారే ముందు గమనించి "ఇది అతికించను" అని ల్యాబ్‌కి వెనక్కి పంపారు. అక్కడిదాకా మెచ్చుకోవాల్సిందే. ఆ తర్వాత ల్యాబ్ వాళ్ళు తిప్పి పంపడానికి చాలా ఆలస్యం చేశారు, ఈలోగా తాత్కాలిక క్యాప్ ఊడిపోయింది, రిసెప్షన్‌లో ఫోన్ ఎత్తినవాళ్ళకి నా కేసు ఏమిటో తెలియలేదు. రంగు చూసే పని మొదట్లోనే పగటి వెలుతురులో చేసి ఉంటే ఇదంతా ఉండేది కాదు. కుర్చీ మీద లైటు వెలుగులో రంగు తేడాగా కనపడుతుంది. మీరు క్యాప్ వేయించుకుంటుంటే కిటికీ దగ్గరకి వెళ్ళి రంగు చూడమని అడగండి, లిప్‌స్టిక్ వేసుకుని వెళ్ళకండి. అలాగే పళ్ళు తెల్లబరిపించుకోవాలని ఉంటే అది క్యాప్‌కి ముందే చేయించుకోవాలి. బ్లీచింగ్‌తో సొంత పళ్ళ రంగు మారుతుంది గానీ క్యాప్‌ల రంగు, ఫిల్లింగుల రంగు మారవు.

క్యాప్ ఎలా పాడవుతుందో ఒక్క వాక్యంలో చెప్పారు: "క్యాప్ పుచ్చదు, దాని కింద మీ పన్ను పుచ్చుతుంది." నరం లేదు కాబట్టి నొప్పి కూడా ముందే హెచ్చరించదు. అందుకని క్యాప్ చిగురుని కలిసే గీత వెంబడి బ్రష్‌ని కాస్త వాల్చి పట్టుకోవడం అద్దంలో నా చేతే చేయించారు.

అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆరేళ్ళ వయసులో నోట్లో చివర, పాలపళ్ళ వెనకాల, కొత్త దవడ పన్ను వస్తుంది. దానికోసం ఏ పాలపన్నూ ఊడదు కాబట్టి చాలామంది తల్లిదండ్రులు అది కూడా పాలపన్నే అనుకుంటారు, పుచ్చినా పోతే పోయింది, మళ్ళీ వస్తుంది అనుకుంటారు. అది మళ్ళీ రాదు. జీవితాంతం నమలాల్సిన పన్ను అది. దాని మీద ఉండే గాడులు ఒక్కోసారి బ్రష్ కుచ్చు కొన కూడా దూరనంత సన్నగా ఉంటాయి. ఆ గాడులు పూడ్చే సీలెంట్ వేశారు. డ్రిల్లు లేదు, ఇంజెక్షన్ లేదు, పూసి లైటు పట్టడమే. ఇది ఎలా పాడవుతుంది? కొంచెం పెచ్చు ఊడితే ఆ సందులో ఇరుక్కున్నది బయటికి రాదు, కాబట్టి వచ్చిన ప్రతిసారీ అడిగి చూపించుకోండి అన్నారు.

పెద్ద గొడవ పాలపన్ను క్యాప్ దగ్గర. వెనక పాలపన్ను ఒకటి పుచ్చింది, దానికి స్టీల్ క్యాప్ వేద్దాం అన్నారు డాక్టర్ గారు. అత్తయ్య కూడా అక్కడే ఉన్నారు. "ఊడిపోయే పన్నుకి క్యాప్ ఏమిటమ్మా, పీకేస్తే పోదూ?" అన్నారు. డాక్టర్ గారు చికాకు పడలేదు. "మామ్మగారూ, ముందు పళ్ళయితే మీరన్నట్టే త్వరగా ఊడిపోతాయి. ఈ వెనకది పది పన్నెండేళ్ళ దాకా ఉండాలి. ఇప్పుడే పీకితే వెనకున్న పెద్ద పన్ను ముందుకి వాలి, కింద నుంచి రావాల్సిన దానికి చోటుండదు" అని కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. అత్తయ్య ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు, అంటే ఒప్పుకున్నట్టే.

క్యాప్ వేసిన పద్ధతి నాకు కొత్త. పుచ్చు తవ్వలేదు. పంటిని చెక్కలేదు. సరైన సైజు క్యాప్ ఎంచి, లోపల సిమెంటు నింపి, పంటి మీద నొక్కి, పిల్లని గట్టిగా కొరకమన్నారు. స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే డాక్టర్ పేరు మీద దీన్ని హాల్ టెక్నిక్ అంటారట. క్యాప్ కింద మూసుకుపోయిన సూక్ష్మజీవులకి తిండి అందదు, పుచ్చు అక్కడితో ఆగిపోతుంది. నరం దాకా పోయి నొప్పి, చీము మొదలైన పంటికి ఇది పనికిరాదు, అందుకే ముందు ఎక్స్‌రే చూస్తారు. కొరుకు ఎత్తుగా ఉండి కొన్నాళ్ళు ఇబ్బంది పడుతుంది, కొన్ని వారాల్లో తనే సర్దుకుంటుంది అన్నారు, అలాగే సర్దుకుంది. క్యాప్ వద్దనుకుంటే సిల్వర్ ఫ్లోరైడ్ ద్రవం రాసి పుచ్చుని ఆపే మార్గం కూడా ఉందన్నారు, పుచ్చిన చోటు మాత్రం నల్లగా మారుతుంది. డ్రిల్లుకి బెదిరిపోయే మరీ చిన్నపిల్లలకి అది పెద్ద ఉపకారం. మా పిల్లకి మాత్రం మెరిసే పన్నే కావాలి. బడిలో అందరికీ చూపించి వచ్చింది.

పిల్లల బ్రషింగ్ నేర్పే అసిస్టెంటు అమ్మాయి గురించి చెప్పకపోతే అన్యాయం. ఒక రంగు బిళ్ళ నమలమంది. పాచి ఉన్నచోటల్లా గులాబీ రంగు అంటుకుంది. "బాగా తోముకున్నావా" అంటే "ఊఁ" అనే పిల్ల, అద్దంలో గులాబీ పళ్ళు చూసి తనే బ్రష్ అడిగి తీసుకుంది. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లల చేతికి ఆ ఒడుపు ఉండదు, వాళ్ళు తోముకున్నాక పెద్దవాళ్ళు మళ్ళీ ఒకసారి తోమాలి. పేస్టు ఎంత అంటే, మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత, ఫ్లోరైడ్ కనీసం 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు) ఉన్నది. ప్రకటనల్లో బ్రష్ నిండా సుడులు తిప్పి వేసేది అమ్మకం కోసం.

ఆ అసిస్టెంటే నాకు చెప్పిన రెండు ముక్కలు ఇంట్లో అందరికీ పనికొచ్చాయి. రాత్రి తోముకున్నాక పేస్టు ఉమ్మేయాలి, నీళ్ళతో పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే పంటి మీద ఉండాల్సిన ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి రాత్రి బ్రషింగ్ పొద్దుటిదానికంటే ముఖ్యం. రెండోది, ఎంత తీపి తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది లెక్క. తీపి తగిలిన ప్రతిసారీ పాచిలోని సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి. పీహెచ్ అనే కొలత ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువని; అది సుమారు 5.5 కంటే కిందికి దిగితే ఎనామెల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలుకి తేవడానికి అరగంట పైనే పడుతుంది. ఈలోగా ఇంకొకటి నోట్లో వేసుకుంటే గడియారం మళ్ళీ మొదటికి. పుల్లటివి తాగిన వెంటనే బ్రష్ చేయొద్దనేది కూడా ఇందుకే.

క్లీనింగ్ గురించి రెండే మాటలు. గార తీస్తే పళ్ళు వదులవుతాయని, సందులు వస్తాయని అంటారు. గార పట్టి చిగురు అప్పటికే జారి ఉంటుంది, ఆ సందుల్ని ఇన్నాళ్ళూ గార నింపి ఉంచింది, అది పోయాక కనపడతాయి.

మా ఆయన కేసు డాక్టర్ గారి ఓపికకి పరీక్ష. పళ్ళు కొరికి కొరికి పైభాగాలు బల్లపరుపుగా అయ్యాయి. దానికితోడు గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దడం వల్ల చిగురు దగ్గర కోసినట్టు గాట్లు. ఆ గాట్లకి ఫిల్లింగ్ పెడుతూ "బ్రష్ మార్చకపోతే ఇది ఊడుతుంది" అన్నారు. ఆయన మార్చలేదు. ఊడింది. మళ్ళీ పెట్టి, ఈసారి మెత్తటి బ్రష్ చేతికిచ్చి పంపారు. రాత్రిళ్ళు పెట్టుకోవడానికి నైట్ గార్డ్ చేసిచ్చారు. ఇది పళ్ళు కొరకడం మాన్పించదు, పళ్ళకి బదులు తను అరుగుతుంది, అదే దాని పని.

ఆయనకే కింద ఒక దవడ పన్ను లేదు. బ్రిడ్జి కట్టాలంటే అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్ళని చెక్కాలి, ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం మర, అయితే వాటిని ముట్టుకోనక్కర్లేదు. టైటానియం ఎముకతో కలిసిపోతుందని గమనించిన స్వీడన్ శాస్త్రవేత్త బ్రెనెమార్క్ 1965లో మొదటి పేషెంటుకి పెట్టిన ఇంప్లాంట్లు ఆ మనిషి 2006లో చనిపోయేదాకా పనిచేశాయి. ఈ మాట విని మా ఆయన "అయితే ఇక చింత లేదు" అన్నారు. డాక్టర్ గారు ఆపారు. "ఇంప్లాంట్ పుచ్చదు, నిజమే. చుట్టూ చిగురు వాచి ఎముక తగ్గితే మాత్రం వదులవుతుంది. మీరు రాత్రిళ్ళు గార్డ్ పెట్టుకుంటున్నారని నమ్మకం కుదిరాకే పెడతాను." అంత పెద్ద పనిని వచ్చిన వెంటనే బిల్లు చేయకుండా వాయిదా వేసే క్లినిక్‌ని ఏమనాలి! మా ఆయన గార్డ్ పెట్టుకుంటున్నారు. చాలా రాత్రులు.

అత్తయ్య విషయంలో మొదట అడిగింది పళ్ళ గురించి కాదు, మందుల గురించి. బీపీ, షుగరు, ఎముకలు, నిద్ర, దేనికి ఏది వేసుకుంటున్నారో చీటీ మొత్తం చూశారు. చాలా మందులు నోరు ఎండబెడతాయి. లాలాజలం తగ్గితే సెట్టు నిలవదు, మిగిలిన సొంత పళ్ళ మొదళ్ళు పుచ్చుతాయి. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగరు అదుపు తప్పుతుంది. ఎముకలు పలచబడకుండా ఇచ్చే కొన్ని మందులు వాడేవాళ్ళకి పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది కాబట్టి పీకించుకునే ముందు చెప్పితీరాలి. సొంతంగా మందు ఆపేయకూడదు.

పై సెట్టు వదులైపోయింది, కొత్తది చేయించాలేమోనని వెళ్ళాం. పళ్ళు లేనిచోట ఎముక ఏళ్ళు గడిచేకొద్దీ అరుగుతూనే ఉంటుంది, అందుకే ఒకప్పుడు సరిపోయిన సెట్టు ఇప్పుడు ఆడుతుంది. సెట్టు పళ్ళు బాగానే ఉన్నాయని, లోపలివైపు మాత్రం కొత్త పొర వేసి బిగించి ఇచ్చారు. అంగిలి ఎర్రగా ఉండటం చూసి "రాత్రి తీస్తున్నారా?" అని అడిగారు. తీయడం లేదు. బోసినోటితో ఎవరైనా చూస్తారని అత్తయ్యకి మొహమాటం. దానికి డాక్టర్ గారు ఉపన్యాసం ఇవ్వలేదు, పడుకునే గదిలో లైటు తీశాకే తీసి పక్కనే మూత ఉన్న డబ్బాలో నీళ్ళలో వేయమన్నారు. రాత్రంతా ఉంచుకుంటే దానికింద ఫంగస్ చేరుతుందని, ఆ ఎరుపు అదేనని చెప్పారు. వేడినీళ్ళలో వేస్తే వంగిపోతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే గీతలు పడి ఆ గీతల్లో పాచి దాక్కుంటుంది, సబ్బు, మెత్తటి బ్రష్ చాలు. కడిగేటప్పుడు సింకులో నీళ్ళు నింపి ఉంచాలి, చేయి జారితే పగలకుండా. కింది సొంత పళ్ళకి ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న 5000 పీపీఎం పేస్టు రాసిచ్చారు, అది పిల్లలకి అందకుండా పెట్టాలి.

ఇప్పుడు ఫిర్యాదులు. అపాయింట్‌మెంట్ టైముకి లోపలికి పిలవడం అరుదు. ప్రతివాళ్ళకీ బొమ్మలు వేసి చెప్పే డాక్టర్ దగ్గర వెనక నంబరు వాళ్ళు కూర్చోవాల్సిందే, ఇది తెలిసి కూడా అరగంటకి ఒకరికి చొప్పున టైము ఇవ్వడం ఏమిటో అర్థం కాదు. చేయాల్సిన పనులన్నీ, ఒక్కోదానికి ఎంతవుతుందో కాగితం మీద రాసిస్తారు, అది బాగుంది. ఆ కాగితం తీసుకుని బయటికి రాగానే కౌంటర్ దగ్గర పళ్ళు తెల్లబరిచే ప్యాకేజీ గురించి మొదలుపెడతారు. లోపల డాక్టర్ చెప్పని పనిని బయట కౌంటర్‌లో అమ్మడం నాకు నచ్చలేదు, ఆ మాట వాళ్ళకే చెప్పాను. సెలవురోజు స్లాట్లు దొరకవు. గుర్తుచేసే మెసేజీలు మాత్రం అడక్కుండానే వస్తాయి, ఒకే విషయానికి రెండేసి.

తొందరగా పని ముగించుకుని వెళ్ళిపోవాలనుకునేవాళ్ళకి ఈ క్లినిక్ సరిపడదు, నొప్పితో పరుగెత్తుకొచ్చినవాళ్ళని మాత్రం ముందే చూస్తారు. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి ఇలాంటిదే కావాలి. ఇలాంటిది మీ దగ్గర ఉందో లేదో తేల్చుకోవడానికి నేనైతే ఒకటే అడుగుతాను: "డాక్టర్ గారూ, మీరు పెట్టేది పాడైతే ఎక్కడ పాడవుతుంది?" సమాధానంగా గ్యారంటీ కార్డు చూపిస్తే ఇంకో చోట కూడా అడిగి చూడండి. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, పెద్దవాళ్ళ మందుల చీటీ, ఉంటే వాళ్ళ సెట్టు డబ్బా కూడా తీసుకెళ్ళండి.